మగ్గం ఆడుతున్న ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగదు

(తిరుపతిలో చేనేత, సహకార శాఖల సిబ్బంది, సామాజిక శాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకు కొదవ లేదు. ముహూర్తం ఉన్న రోజున కొండ మీద, కొండ కింద కలిపి ఎన్ని బెనారస్ చీరలు కనిపిస్తాయో మీకు తెలుసు. వాటిలో ఎన్ని నిజంగా బెనారస్‌లో, చేతి మగ్గం మీద నేసినవి అన్నది వేరే సంగతి, అక్కడికి తర్వాత వస్తాను. ఈ రోజు మాట్లాడాల్సింది ఆ చీర నేసిన ఇంటి గురించి. బెనారస్ నేతగాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. అన్సారీలు అంటారు, పాత మాటలో జులాహాలు. కబీరు ఆ జులాహాల ఇంట పెరిగినవాడే. మదన్‌పురా, అలయీపురా, బజర్‌డీహా, లోహతా వీళ్ళ వాడలు. 2000 తర్వాతి పదేళ్ళలో ఆ వాడల నుంచి ఆకలి చావుల వార్తలు, ఆత్మహత్యల వార్తలు, రక్తం అమ్ముకున్నారన్న వార్తలు వచ్చాయి. అవి చదివినవాళ్ళు సాధారణంగా ఒక మాట అంటారు: పాపం, పని లేదు కదా అని. నేను చెప్పదలుచుకున్నది అది కాదండి. పని ఉండగానే, మగ్గం టకటకలాడుతుండగానే ఆ ఇళ్ళలోకి ఆకలి వచ్చింది. అది మజూరీ లెక్క కట్టే పద్ధతిలోంచి వచ్చింది.

ముందు పని ఏమిటో చూద్దాం, లేకపోతే లెక్క అర్థం కాదు.

పట్టు చీర పడుగులో ఐదారు వేల నిలువు పోగులుంటాయి. 48 అంగుళాల వెడల్పులో అంగుళానికి 110 పోగుల చొప్పున వేసుకోండి, 5,280 అవుతుంది. పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు ఈ పోగుల్లో ఒక్కొక్కదాన్నీ పాత పోగు కొసకు మెలిపెట్టి అతకాలి. బూడిదో, సున్నమో వేలికి అద్దుకుని కూర్చుంటే ఒక రోజు, రెండు రోజులు. ఆ తర్వాత అచ్చు, అంటే దువ్వెన లాంటి చట్రం, కంతల్లోంచి లాగి సరిచూసుకోవాలి. ఒక్క పోగు తప్పు కంతలో పడితే చీర పొడవునా గీత పడుతుంది. ఈ రోజులకు మజూరీ ఎక్కడ రాస్తారు? చాలా చోట్ల రాయరు. చీర కూలిలోనే కలిసిపోయిందంటారు.

ఇక నేత. జాకెట్టు ముక్కతో కలిపి చీర 6.25 మీటర్లు, అంటే 246 అంగుళాలు. అంగుళానికి 70 పేకలు, అంటే అడ్డపోగులు, అనుకుంటే వాటిని మోసే నాడె 17 వేల సార్లకు పైగా అటూ ఇటూ పోవాలి. ఇది నేల, అంటే సాదా గుడ్డ, మాత్రమే. బుటాలు, అంచు, కొంగు దీని మీద. బెనారస్‌లో బుటా వేయడానికి ప్రధానంగా మూడు పద్ధతులు. ఫేక్‌వా అంటే జరీ పోగును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా విసరడం. కట్‌వర్క్ అంటే అలా విసిరినదాన్ని బుటాకూ బుటాకూ మధ్య వెనక వైపు తేలే పోగులు కత్తిరించేయడం. కడువా అంటే ప్రతి బుటాకూ విడిగా ఒక చిన్న కండె (దారం చుట్టిన పుల్ల) పెట్టి, ఆ బుటా ఉన్నంత మేరే కుట్టినట్టు నేయడం. కడువాలో ఒక వరసలో ముప్ఫై బుటాలుంటే ప్రతి పేకకూ ముప్ఫై చిన్న కండెలు చేత్తో తిప్పాలి. రోజంతా కూర్చున్నా బెత్తెడు గుడ్డ దిగని డిజైన్లున్నాయి. అందుకే పక్కన ఇంకో మనిషి కావాలి, అది తమ్ముడో, కొడుకో అవుతాడు.

ఇంటి లోపల ఇంకో పని నడుస్తుంటుంది. కండెలు చుట్టడం, రేషం, అంటే పట్టు దారం, రాట్నం మీదికి తీయడం, తెగిన కొసలు విప్పడం, కట్‌వర్క్ చీర వెనక పోగులు కత్తెరతో తీయడం, కొంగు కుచ్చులు వేయడం. ఇదంతా ఆడవాళ్ళు, పిల్లలు చేస్తారు. పరదా ఉన్న ఇళ్ళలో ఆడవాళ్ళు బజారుకు వెళ్ళి ఇంకో పని వెతుక్కోలేరు కాబట్టి ఈ పనికి ఎంత ఇచ్చినా సరే అన్నట్టు నడుస్తుంది. బయటివాళ్ళ చీరలు తెచ్చి కత్తిరిస్తే ఏవో కొన్ని రూపాయలు. సొంతింటి మగ్గానికి చేస్తే అదీ లేదు. మన వెంకటగిరిలోనో, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలోనో చూసినా ఇంటి ఆడవాళ్ళ పని మగ్గం కూలిలో మునిగిపోవడం కనిపిస్తుంది. మతం దీనికి కారణం కాదు. కాకపోతే అక్కడ గడప దాటే దారి ఇంకా ఇరుకు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నేను చెప్పే అంకెలు ఉదాహరణకు వేసుకుంటున్నవి, మీ ఊరి అంకెలు పెట్టుకుని మీరే మళ్ళీ వేసుకోవచ్చు.

చీర మజూరీ 9,000 రూపాయలు అనుకుందాం. నేయడానికి 18 రోజులు. రోజుకు 500 వచ్చినట్టు కదా. షావుకారు చెప్పే లెక్క అదే, ఆఫీసు ఫారంలో రాసుకునేదీ అదే. చీర గద్దీకి వెళ్ళింది. గద్దీదార్ అంటే టోకు వ్యాపారి. నేతగాడికీ అతనికీ మధ్య గిరస్త్ అని ఒకడుంటాడు, పని పంచి నేయించే మన మాస్టర్ వీవర్ లాంటివాడు. చీర విప్పి దీపం కింద పట్టుకుని ఇక్కడ పోగు జారింది, ఇక్కడ మరక అంటారు. దీన్ని కటౌతీ అంటారు, అంటే కోత. 700 పోయిందనుకోండి, మిగిలింది 8,300. డబ్బు చేతికివ్వరు, నెలల తర్వాతి తేదీ వేసిన చెక్కు ఇస్తారు. రేపు బియ్యం కొనాలి కాబట్టి ఆ చెక్కును బట్టాకు, అంటే కొంత తగ్గించుకుని ముందే డబ్బిచ్చేవాడి దగ్గర, మార్చుకోవాలి. నూటికి నాలుగు చొప్పున 332 పోతే మిగిలేది 7,968. పాత అడ్వాన్సు కింద వెయ్యి పట్టుకుంటారు, 6,968. జాకార్డు (అట్టల మీది డిజైన్ ప్రకారం పోగులెత్తే సాధనం) తాళ్ళు, నూనె, అచ్చు బాగుచేత కింద 268 తీసేయండి. చేతికి 6,700.

రోజులు కూడా సరిగ్గా లెక్కపెట్టాలి. నేతకు 18, పడుగు అతకడంలో ఈ చీర వాటా 2, రేషం కోసమో జరీ కోసమో కొత్త డిజైన్ అట్టల కోసమో ఎదురుచూసిన రోజులు 5. మొత్తం 25. రోజుకు 268 అయింది. ఆ పని ఒక్కడు చేసింది కాదు, ఇంట్లోవాళ్ళ పని కలిపితే రెండున్నర మనుషుల పని. మనిషికి రోజుకు 107. ఐదు వందలు 107 ఎలా అయిందో చూశారు కదా. ఎవరూ దొంగతనం చేయలేదు, అన్నీ వాడుకలో ఉన్న పద్ధతులే.

2019–20 నాలుగో జాతీయ చేనేత గణనలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాలు, 66 శాతం పైగా, నెలకు ఐదు వేల లోపు ఆదాయమే చెప్పాయి. దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులున్నారని అదే లెక్క. పదేళ్ళ ముందటి గణనలో 43 లక్షలు. తగ్గిన ఆ 8 లక్షల మంది ఏమయ్యారంటే, బెనారస్ వరకు కొందరు మరమగ్గం కూలీలయ్యారు, కొందరు సూరత్, బెంగళూరు పోయారు, కొందరు ఈ-రిక్షా తోలుతున్నారు.

ముస్లిం నేతగాడు కాబట్టి ప్రత్యేకంగా తగిలే దెబ్బలు కొన్ని ఉన్నాయి. మొదటిది విచిత్రంగా ఉంటుంది: అతని పొయ్యి హిందువుల పంచాంగం మీద ఆధారపడి ఉంటుంది. చీర పెళ్ళికి పోతుంది. ఉత్తరాదిలో ఆషాఢ ఏకాదశి నుంచి కార్తీక ఏకాదశి దాకా చాతుర్మాస్యం, నాలుగు నెలలు పెళ్ళిళ్ళుండవు. తర్వాత ధనుస్సులో సూర్యుడున్న నెల, మీనంలో ఉన్న నెల ఖర్మాస్ అంటారు, అప్పుడూ లేవు. గురు శుక్ర మూఢాలు వస్తే ఇంకా. మనకు శ్రావణంలో ముహూర్తాలుంటాయి కాబట్టి ఆ చచ్చు కాలంలో దక్షిణాది ఆర్డర్లు వాళ్ళకు కొంత ఊపిరి. తిరుపతిలో కొన్న చీరకూ అక్కడి పొయ్యికీ ఉన్న లంకె అది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అది ఆర్డర్లు లేని నెలలో పడితే పండగ అప్పుతోనే.

రెండోది, గొడవలు. 1977లో, 1991లో బెనారస్‌లో మతకలహాలు జరిగాయి. కర్ఫ్యూ పెట్టిన వాడల్లో నేత వెంటనే ఆగదు, కానీ రేషం లోపలికి రాదు, చీర బయటికి పోదు. రోజు కూలివాడికి కర్ఫ్యూ అంటే ఆ రోజు కూలి పోవడం. నేతగాడికి చీర సగంలో ఉండగా రేషం అందకపోతే ఆ సగం చీర పెట్టుబడి లాగా మగ్గం మీద ఇరుక్కుపోతుంది.

మూడోది, అమ్మకం అతని చేతిలో లేకపోవడం. గద్దీలు చౌక్, కుంజ్ గలీ వైపు. వాటిలో ఎక్కువ హిందూ వ్యాపారులవి, కొన్ని ముస్లింలవి. కోత, చెక్కు పద్ధతి ఇద్దరి దగ్గరా ఒకటే. అన్సారీలలోనే గిరస్త్‌గా ఎదిగినవాడు తన బిరాదరీ, అంటే తన కులపు, నేతగాడికి అదే చెక్కు ఇస్తాడు. దీన్ని ఒట్టి మతం కథగా చెప్పేవాళ్ళు ఈ భాగం దాటేస్తారు. సహకార సంఘాల సంగతీ ఇంతే. కాగితం మీద సంఘం ఉంటుంది, సభ్యుల పేర్లు నేతగాళ్ళవి, నూలు రాయితీ పోయేది మాత్రం అధ్యక్షుడి కార్ఖానాకు. మన జిల్లా సిబ్బంది నవ్వుతున్నారు, అంటే మీకూ తెలుసన్నమాట.

అక్కడి బిరాదరీ కట్టుబాటులో మెచ్చుకోదగ్గది ఒకటుంది. బాయీసీ, బావనీ లాంటి పంచాయతీలున్నాయి వాళ్ళకు. సర్దార్ మాట మీద వాడలకు వాడలు మగ్గాలు ఆపేస్తాయి. దీన్ని ముర్రీ బంద్ అంటారు. అగహన్ నెలలో, అంటే మన మార్గశిరంలో, ఒక శుక్రవారం పని ఆపి పురానాపుల్ ఈద్గాలో అందరూ నమాజు చేస్తారు. అగహనీ జుమ్మా. వానలు లేక, బేరాలు ఆగిపోయిన ఒక కాలంలో మొదలైందని చెప్పుకుంటారు. అంటే కరువులో మొదట పస్తుండేది తామేనని వాళ్ళకు తరతరాలుగా తెలుసు.

మన దగ్గర కూడా ఇది కొత్త కాదు. మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రంగా ఉన్న రోజుల్లో, 1876–78లో, ధాత కరువు వచ్చింది. వాన పడకపోతే రైతు మొదట మానుకునేది గుడ్డ కొనడం. కాబట్టి పొలం లేని నేతగాడు రైతు కంటే ముందే పస్తు పడతాడు. బజార్లో బియ్యం ఉంటుంది, అతని గుడ్డకు బియ్యంతో మారకం ఉండదు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ కరువుల గురించి చెప్పిన దాంట్లో ముఖ్యమైన ముక్క ఇదే. నేతగాడిని రాళ్ళు కొట్టే పనికి పంపితే వేళ్ళు పాడవుతాయని, నూలు ఇచ్చి, నేసిన గుడ్డ సర్కారే కొనాలన్న ఆలోచన ఆ కరువు సహాయంలోనే చేశారు. ఇప్పుడు మట్టి పనికి పోయి వచ్చిన చేత్తో రేషం పట్టుకుంటే చర్మం గరుకుకు పోగులు లేస్తాయి. మూడు నెలలు తట్ట మోసినవాడు మళ్ళీ కడువా నేయడానికి తంటాలు పడతాడు. బెనారస్ నగరంలో ఉన్నవాడికి ఆ ఉపాధి హామీ పనీ లేదు, అది గ్రామాలకే.

మన వైపు ముస్లింలకు, బట్టకు ఉన్న సంబంధం మగ్గానికి ముందు మెట్టులో ఉంది. దూదేకులవాళ్ళు ఏకిన దూది రాట్నానికి, రాట్నం నూలు మగ్గానికి. మిల్లు నూలు వచ్చినప్పుడు నేతగాడు బతికాడు, దూదేకులవాళ్ళకు ఆ పని పోయింది. పరుపులు కుట్టుకుంటూ నిలబడ్డారు. తర్వాత ఫోమ్ పరుపు వచ్చింది. పొరుగున కర్ణాటకలోని సిద్లఘట్టలో పట్టుగూళ్ళు రీలింగ్ చేసేవాళ్ళలో, అంటే గూళ్ళ నుంచి దారం తీసేవాళ్ళలో, ముస్లింలు చాలామంది. గూళ్ళు ఉడికే నీళ్ళలో చేతులు పెట్టి కొస పట్టుకోవడం, పురుగు వాసన, ఆవిరి, ఉబ్బసం.

ఇక్కడ పట్టు ధర గురించి ఒక చిక్కు చెప్పాలి. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశాక చైనా పట్టు, చైనా పట్టు గుడ్డ రెండూ వచ్చి పడ్డాయి. పట్టు దారం చవక అయితే నేతగాడికి మేలు అనుకుంటాం. 2011లో ముడి పట్టు దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి దించితే పలమనేరు, మదనపల్లె వైపు గూళ్ళు పెంచే రైతు గగ్గోలు పెట్టాడు, 2013లో మళ్ళీ 15కు పెంచారు. ఈ పెరగడం, తగ్గడం రెండింటిలో నేతగాడి మజూరీ ఏమైంది? రేషం ధర పెరిగితే షావుకారు ‘గిట్టడం లేదు, మజూరీ తగ్గించుకో’ అంటాడు. తగ్గితే ‘మార్కెట్ పడిపోయింది’ అంటాడు. సుంకం గురించి రైతు సంఘాలూ చేనేత సంఘాలూ ఒకరినొకరు తిట్టుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మరమగ్గం దెబ్బ మీకు తెలిసిందే. ఫేక్‌వా, కట్‌వర్క్ రెండూ మరమగ్గం సులువుగా దించేసింది, సూరత్‌లో కృత్రిమ దారంతో ఇంకా చవకగా. ఉత్తరప్రదేశ్‌లో 2006లో మరమగ్గాలకు కరెంటు లూముకింతని ఫ్లాట్ రేటు పెట్టాక చాలా ఇళ్ళలో చేతి మగ్గం గుంట పూడ్చేసి మరమగ్గం దింపారు. చేనేతకు ఇవాళ గట్టిగా మిగిలింది కడువా ఒక్కటే అని నా అంచనా. 1985 చట్టం 22 రకాల బట్టను చేనేతకు మాత్రమే కేటాయించింది, 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, మూడేళ్ళకే రకాలు 11కు కుదించారు. ఉన్న పదకొండు కూడా నగరి, పుత్తూరు మరమగ్గాల దగ్గరికి వెళ్ళి తనిఖీ చేయగల సిబ్బంది ఉంటేగా. మిల్లులు చిలపల (చేతి మగ్గాలకు పనికొచ్చే నూలు చుట్టల) రూపంలో ఇవ్వాల్సిన నూలు వాటా కూడా 40 శాతం నుంచి 2019లో 30కి దించారు. బెనారస్ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షాపులో ఆ పేరు వాడుకుంటున్నవాళ్ళకు దానివల్ల ఇబ్బందేమీ రాలేదు. మీరు చీర కొనేటప్పుడు వెనక వైపు తిప్పి చూడండి. కడువాలో బుటా వెనక పోగులు తేలవు, కత్తిరించిన కొసలుండవు. అంచుల పొడవునా, గుడ్డ వెడల్పును బిగబట్టే పన్నెకర్ర ముళ్ళ సన్నని గుచ్చులు వరసగా కనిపిస్తాయి.

ఇప్పుడు తిండి. ఆకలి ఒక్కసారిగా రాదు. మొదట మాంసం పోతుంది, పాలు పోతాయి. తర్వాత పప్పు. తర్వాత కూరగాయల స్థానంలో బంగాళాదుంప, ఆపైన ఉప్పూ కారమూ. ఆకలి చంపడానికి పాలు లేని టీ. ఇంట్లో చివర తినేది ఆడమనిషి, అందుకే రక్తహీనత అక్కడ ముందు కనిపిస్తుంది. రేషన్ ఇస్తున్నారు కదా అంటారు. 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 167 గ్రాములు. కూర, పప్పు లేకుండా తిండి గింజ మీదే బతికే మనిషికి రోజుకు 400 గ్రాములైనా కావాలి. అంత్యోదయ కార్డు ఉంటే ఇంటికి 35 కిలోలు. ఏడుగురున్న ఇంట్లో అదీ తలకు ఐదు కిలోలే. ఉమ్మడి కుటుంబాలు పెద్దవి, కార్డు ఒకటి. కొడుకులు వేరు పొయ్యి పెట్టుకున్నా కార్డు వేరు కాదు. ఇది మన చిత్తూరు, పుంగనూరు ముస్లిం వాడల్లోనూ అడిగి చూడండి.

గుంట మగ్గంలో కాళ్ళు నేల మట్టం కింద ఉంటాయి. వానాకాలం వరుణా నది పక్క వాడల్లో గుంటలోకి ఊట వస్తుంది. జాకార్డు అట్టలు చెమ్మకు ఉబ్బి సూదులకు సరిగ్గా తగలవు, డిజైన్ తప్పుతుంది, మళ్ళీ కోత. ఆ చెమ్మలో, గాలి లేని గదిలో, ఛాతీని నేసిన గుడ్డ చుట్టుకునే దోనెకు ఆనించి పదిగంటలు వంగి కూర్చునేవాడికి క్షయ రావడం ఆశ్చర్యం కాదు. మందులు ఉచితమే, ఆరు నెలలు. ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకుంటే వాంతులు, కాబట్టి రెండో నెలలో మానేస్తాడు. 2018 నుంచి క్షయ రోగికి పోషణ కోసం నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి, ఖాతా ఆధార్‌తో కలవాలి. అక్కడ పేరు ‘మొహమ్మద్’ అని ఒక చోట, ‘ఎండీ’ అని ఇంకో చోట ఉంటే ఆగిపోతుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. షేక్, ఎస్‌కే తేడాతో పెన్షన్ ఆగిన ఇళ్ళు మన దగ్గర వెతకనక్కర్లేకుండా దొరుకుతాయి.

పథకాల్లో ఇంకో చిల్లు మగ్గం ఎవరిదన్నది. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం ఏడాదికి 24 వేలు ఇచ్చింది, మంచి మొత్తమే. కానీ సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. షావుకారు షెడ్డులో కూలి నేత నేసేవాడికి, అందరికంటే పేదవాడికి, అది వర్తించలేదు. కండెలు చుట్టే ఆవిడకు అసలు నేత కార్మికురాలన్న గుర్తింపు కార్డే ఉండదు.

మీరు సర్వేకు వెళ్ళినప్పుడు ‘నెలకు ఎంత వస్తుంది’ అని అడక్కండి. చీర మజూరీని చీరల సంఖ్యతో గుణించి చెప్పేస్తారు, పరువు కూడా అడ్డొస్తుంది. పోయిన పడుగు ఏ రోజు దిగింది, కొత్తది ఏ రోజు ఎక్కింది అని అడగండి. ఆ మధ్య రోజులు రాయండి. చివరి చీరకు చెక్కు మీద ఏ తేదీ ఉందో చూడండి. కోత ఎంతో, ఏ కారణం చెప్పారో రాయించండి. కండెలు ఎవరు చుట్టారో పేరు రాయండి, చిన్నపిల్ల అయినా సరే. నిన్న రాత్రి ఇంట్లో ఏం వండారని ఆఖరున, ఆడవాళ్ళనే అడగండి, మగవాళ్ళు పక్కన లేనప్పుడు. సంఘం కార్యదర్శులు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక విన్నపం: మీ మజూరీ పుస్తకంలో తేదీ, చీర నంబరు, మొత్తం అని మూడు గళ్ళే ఉన్నాయి. నాలుగో గడి గీసి, పడుగు కోసం ఆగిన రోజులు అని పేరు పెట్టండి. మొదటి మూడు నెలలు దానికి డబ్బు ఇవ్వకపోయినా ఫరవాలేదు, రాస్తూ ఉండండి.